కరియ నమస్కారం

"ఈ కుక్కకి ఏదో ఒకటి అవతాది, చూస్తా ఉండండి."

రాజలక్ష్మి ఆ మాట అన్నప్పుడు కుక్కకి ఏమీ కాలేదు. మెట్ల కింద చల్లటి బండ మీద నాలుగు కాళ్లూ బారజాపుకుని నిద్రపోతోంది. ఊపిరికి దాని పొట్ట లేస్తూ పడుతూ ఉంది. ఆమె గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై రెండు. నిన్న ఇరవై.

"రెండు ఎక్కువైంది," అంది.

గిరిప్రసాద్ పేపరు తిప్పాడు. హోసూరు బజారువీధిలో ఆయనకి నూనెలూ పప్పులూ అమ్మే అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో భార్య జరుగుతాయన్నవన్నీ జరిగి ఉంటే, ఆ ఇల్లు ఇప్పటికి మూడుసార్లు కాలిపోయి, రెండుసార్లు కూలిపోయి, లోపలున్న వాళ్లందరికీ పేరు తెలియని జ్వరాలు తగిలి ఉండాలి. ఒక్కటీ జరగలేదు. అందుకని ఆయన పేపరు చదువుకుంటాడు.

కుక్క పేరు కరియ. పేరుకి తగ్గట్టే ఒళ్లంతా నలుపు, వెతికినా ఒక్క తెల్ల వెంట్రుక దొరకదు. కూతురు మేఘ రెండేళ్ల కిందట బాగలూరు పక్క పూలతోటలో ఎవరో ఇస్తామంటే సంకలో పెట్టుకుని తెచ్చింది. తెచ్చిన రోజున రాజలక్ష్మి గుమ్మంలో అడ్డం నిలబడింది. కుక్క కరుస్తుందనీ, గ్యాసు బండ తెచ్చేవాడినే మొదట కరుస్తుందనీ, వాడు పోలీసుస్టేషనుకి పోతాడనీ వరసగా చెప్పింది. అదేదీ కాకపోయేసరికి భయమంతా కుక్క మీదికి మళ్లింది. ఇప్పుడు దానికి అన్నం కలిపేది ఆమె, చెవులు తుడిచేది ఆమె, సూదులు వేయించిన కార్డుని రేషన్ కార్డుతో పాటు బీరువాలో దాచిపెట్టిందీ ఆమే.

మేఘ వాడగా మిగిలిన ఒక స్కూలు నోటుపుస్తకం కూడా ఆమె తీసుకుంది. తాను చదివింది ఏడో తరగతి. అయినా అక్షరం గుండ్రంగా ఉంటుంది. రోజూ పొద్దున కుక్క ఏం తిన్నదీ, ఎన్ని నీళ్లు తాగిందీ, వెనక్కి ఏం పోయిందీ, ఏ రంగులో పోయిందీ రాసేది.

"మా, నా టెన్త్ మార్కులు గూడా నువ్వు ఇట్ల రాసుకోలేదు," అనేది మేఘ.

"నీకు నోరుండాది. నొప్పైతే చెప్తావు. దానికి యాడుంది నోరు?"

"అరుస్తాది కదమా."

"అరుపులో ఏమి తెలుస్తాది, యాడ నొప్పో?"

ఆ నెలలోనే ఒక ఆదివారం పొద్దున మొదటిసారి అది జరిగింది. గిరిప్రసాద్ అంగడి తెరిచి, గల్లాపెట్టె మీదుండే లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగించి, కర్పూరం చూపిస్తున్నాడు. కరియ మెట్లు దిగి వచ్చింది. పటం ముందర నిలబడింది. ముందరి కాళ్లు రెండూ చాపి, ఎదురొమ్ము నేలకి ఆనించి, నడుము మాత్రం పైకెత్తి అట్లాగే ఉండిపోయింది. కర్పూరం కొండెక్కేదాకా లేవలేదు.

పక్కన ఇత్తడి పాత్రల అంగడి వరదప్పది. ఆయన షట్టరు సగం ఎత్తి, ఆ సగంలో నుంచే చూశాడు.

"గిరన్నా! కుక్క దండం పెడతా ఉండాదప్పా!"

గిరిప్రసాద్ తిరిగి చూశాడు. చేతిలో హారతిపళ్లెం అట్లాగే ఉంది. కాసేపటికి చెప్పులు విడిచి తానూ ఇంకోసారి దండం పెట్టుకున్నాడు. కుక్కకి తీసిపోకూడదు కదా.

మెట్ల మీద నుంచి రాజలక్ష్మి అంది, "దానికేదో అయ్యింది."

"ఏమమ్మా ఇది, మన పిల్లోళ్లు గూడా ఇట్ల సాష్టాంగం పెట్టరు. సంతోషపడాల్సింది పోయి..." అన్నాడు వరదప్ప, అప్పటికే ఫోన్ బయటికి తీసి.

"పొద్దున్నుంచి అన్నం ముట్టలా వరదప్పా అది."

"ఉపవాసం," అన్నాడు వరదప్ప. ఆయన నవ్వలేదు.

ఆ వీడియో మధ్యాహ్నానికి బజారువీధి వర్తకుల వాట్సాప్ గుంపులో తిరిగింది. సాయంత్రానికి రాజలక్ష్మి అక్క కృష్ణగిరి నుంచి ఫోన్ చేసి, ఇంట్లో ఏదో దైవాంశ ఉందనీ, కుక్కని చీపురుతో తోలొద్దనీ చెప్పింది. తన ఇంట్లో కుక్కని చీపురుతో ఎవరూ తోలలేదని చెప్పడానికి రాజలక్ష్మికి పావుగంట పట్టింది.

నోటుపుస్తకంలో ఆ రోజు ఇట్లా ఉంది: "ఆదివారం. అన్నం తినలేదు. నీళ్లు రెండు చెంబులు. పసుపుగా కక్కింది. నమస్కారం ఒకసారి."

సోమవారానికి కుక్క బాగైపోయింది. రాజలక్ష్మికి వచ్చిన కష్టం అదే. అది సోమవారం గిన్నె నాకి, మంగళవారం పిల్లిని తరిమి, బుధవారం మేఘ చెప్పు కొరికింది. డాక్టరు దగ్గరికి పోదామంటే ఏమని చెప్పి పోవాలి? మళ్లీ ఆదివారం వచ్చేసరికి పటం ముందర వంగింది. ఈసారి చూడడానికి ఏడుగురు వచ్చారు. ఒకామె దాని నుదుట కుంకుమ పెట్టింది. ఇంకొకామె చామంతి దండ వేసింది. వచ్చినవాళ్లు ఊరికే పోలేక తలా అర్ధకిలో కందిపప్పు కొనుక్కుని పోయారు.

"లక్ష్మి అంటే ఇదే," అన్నాడు గిరిప్రసాద్.

రాజలక్ష్మి తనకు తెలిసిన వైద్యాలన్నీ చేసింది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, కాబట్టి దిష్టి ఉందన్నమాటే అని ఇంకోసారి వేసింది. అప్పుడు ఇంట్లో అందరూ దగ్గారు. జీలకర్ర కాచిన నీళ్లు పోసింది. మేఘ చేత ఫోన్‌లో కుక్కల జబ్బులు చదివించుకుంది. మొత్తం పద్నాలుగు జబ్బులు. అందులో పదకొండు కరియకి ఉన్నాయి. నాలుగు తనకే ఉన్నాయి.

"పిచ్చి పట్టే ముందర గూడా ఇట్లే అన్నం మానుకుంటాయంట," అంది భర్తతో.

"పిచ్చి పట్టిన కుక్క దేవుడికి దండం పెట్టదు."

"దేవుడని దానికెట్ల తెలుసు?"

గిరిప్రసాద్ మళ్లీ పేపరు విప్పాడు. ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో మాట్లాడాల్సిన మాటలన్నీ ఆమె మాట్లాడేస్తుంటే ఆయనకి మిగిలేవి తక్కువ.

అట్లా ఆరు ఆదివారాలు గడిచాయి. ఏడో ఆదివారం కుక్క మెట్లు దిగడానికే చాలాసేపు తీసుకుంది. పటం దాకా పోలేదు. బియ్యం మూటల దగ్గరే వంగిపోయి, మూలగడం మొదలుపెట్టింది. అప్పటికి పదిమంది దాకా పోగయ్యారు.

"ఈ దినం భక్తి ఎక్కువుంది," అన్నాడు వరదప్ప.

రాజలక్ష్మి ఆ పదిమంది మధ్యలో నుంచి వచ్చింది. కుక్క మెడలో దండ తీసి పక్కన పెట్టింది. వంగి, ఇరవై కిలోలకి పైనుండే ఆ జీవాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. చనిపోతుందని అనలేదు. నేను ముందే చెప్పినాను అని కూడా అనలేదు. ఏమీ అనలేదు.

గిరిప్రసాద్ ఆమె మొహం చూశాడు. ఇరవై నాలుగేళ్లలో ఆమె ఏమీ అనకుండా ఉండడం ఆయన చూడలేదు. గబగబా వెళ్లి, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, మంచి బేరం వేళ, అంగడి షట్టరు దించేశాడు.

నూనె డబ్బాలు తెచ్చే లోడు ఆటోలో వెనక గోనెసంచులు పరిచి కుక్కని పడుకోబెట్టారు. రాజలక్ష్మీ మేఘా దాని పక్కన కూర్చున్నారు. గిరిప్రసాద్ ముందర కూర్చున్నాడు. బాగలూరు రోడ్డులో కలైసెల్వి అని పశువుల డాక్టరమ్మ ఒక చిన్న ఆస్పత్రి నడుపుతుంది. తమిళమామె. వచ్చేవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ తెలుగూ కన్నడమూ నేర్చుకుంది.

డాక్టరమ్మ కుక్క పొట్ట మెల్లగా నొక్కింది. కరియ గట్టిగా అరిచింది.

"ఎన్ని దినాలైంది ఇట్ల?"

"నొప్పి ఈ దినమే మేడమ్," అన్నాడు గిరిప్రసాద్. "అంతకు ముందర బాగుండె. దండం గూడా పెడతా ఉండె." ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఇంకా మిగిలే ఉంది.

ఆమె ఆ వీడియో రెండుసార్లు చూసింది.

"సార్, ఇది దండం కాదు. వయిరు నొప్పి. కడుపునొప్పి. పొట్టలో తట్టుకోలేనంత నొప్పి ఉంటే కుక్కలు ఇట్ల ముందర కిందికి, వెనక పైకి పెట్టి వంగుతాయి. అట్ల ఉంటే దానికి కొంచెం హాయి."

కుక్క నుదుట పొద్దున ఎవరో పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. మేఘ దాన్ని వేలితో తుడిచింది.

రాజలక్ష్మి సంచిలో నుంచి నోటుపుస్తకం తీసింది. డాక్టరమ్మకి తెలుగు చదవడం రాదు కాబట్టి తానే చదివింది. ఆదివారం, తినలేదు, కక్కింది, నమస్కారం ఒకసారి. సోమవారం, బాగుంది. మంగళవారం, బాగుంది. మళ్లీ ఆదివారం, తినలేదు. ఒక పేజీ, రెండు పేజీలు, ఐదు పేజీలు. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. ఇట్లా ఎవరైనా చదువుతుంటే చెవి పెట్టి వినడం రాజలక్ష్మికి కొత్త. అందుకని మలం రంగులు కూడా వదలకుండా చదివింది.

"అన్నీ ఆదివారమే," అంది డాక్టరమ్మ. "శనివారం ఏమి తింటాది?"

"పొద్దున పెరుగన్నం, రాత్రికి రాగిముద్ద. మిగతా దినాల్లో గుడ్డు ఉడకేసి పెడతాను, శనివారం అది గూడా లేదు. వీధిలో ఏమీ తిననీను మేడమ్. నేనే పట్టుకొని తిరుగుతాను. శనివారం పొద్దున ఒక్కపూట ఈయన పిల్చుకొని పోతారు, అంతే..."

ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది. గిరిప్రసాద్ గోడమీదున్న కుక్కజాతుల పటాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నాయినా?" అంది మేఘ.

"వడలు," అన్నాడు గిరిప్రసాద్, పటంతో.

"ఎన్ని సార్?"

"తొమ్మిది."

"తొమ్మిది వడలా నాయినా! దీనికా?"

"మారియప్ప టిఫిన్ బండికాడ చెప్పి చేయిస్తాను. నూనె మన అంగడిదే ఇస్తాను మేడమ్, నువ్వులనూనె. కల్తీ లేదు."

"కల్తీదైతే ఇంకా ముందరే వచ్చి ఉంటారు," అంది డాక్టరమ్మ.

ఒక్కొక్క ముక్కగా అంతా బయటికొచ్చింది. చింతపండు కొనడానికి కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకి పోయినప్పుడు, గొడుగు కింద కూర్చున్న ఒక జ్యోతిష్యుడు ఆయనకి చెప్పాడు. శనికి పరిహారం. పంతొమ్మిది శనివారాలు, మచ్చలేని నల్లకుక్కకి, నువ్వులనూనెలో వేగిన మినపవడలు తొమ్మిది, పొద్దెక్కకముందే పెట్టాలి. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, చెప్తే ఫలం పోతుంది. ఏడు శనివారాలు అయ్యాయి. ఇంకా పన్నెండు ఉన్నాయి.

"ఇంక పన్నెండు లేవు," అంది డాక్టరమ్మ. "పాన్‌క్రియాస్ అని కడుపులో ఒకటి ఉండాది. నూనె ఎక్కువైతే అది వాచిపోతాది. రక్తం తీసి చూస్తాను, అయినా నాకు అదే అనిపిస్తా ఉంది. మూడు దినాలు వరసగా గ్లూకోజు ఎక్కించాల. తర్వాత జన్మలో నూనె తగలకూడదు దీనికి. పిల్చుకొచ్చినారు కాబట్టి బతుకుతాది. ఇంకొక శనివారం అయ్యుంటే నేను ఈ మాట చెప్పేదాన్ని కాదు." ఆమె నోటుపుస్తకం మీద చెయ్యి వేసింది. "ఈయమ్మ రాసుకొని రాకుండా ఉంటే నేను గూడా ఊరికే అజీర్తి సూది వేసి పంపించేసేదాన్ని."

రాజలక్ష్మి నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. బతుకుతుందని విన్నాక పోయి బెంచీ మీద కూర్చుంది.

కుక్క కాలికి సూది గుచ్చి, గ్లూకోజు సీసా ఇనుప కొక్కేనికి వేలాడదీశారు. మేఘ మందుల చీటీ తీసుకుని బయటికి పోయింది. గిరిప్రసాద్ వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

"పరిహారం ఎవరికి చేసినారు?" అంది ఆమె.

ఆయన కుక్క కాలికున్న సూదిని చూశాడు.

"అంగడికా? అంగడిలో ఏమన్నా తేడా వచ్చిందా?"

ఆయన చూపు గ్లూకోజు సీసా మీదికి మళ్లించాడు.

"మీకేమన్నా రోగమా? టెస్టు చేయించుకొని వచ్చి నాకు చెప్పలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే మేఘకా? పాప జాతకంలో ఏమన్నా చెప్పినాడా ఆ గొడుగాయన? బండి మీద పోతాది, నేను ఎన్నిసార్లు చెప్పినా మెల్లగా పోదు. దానికేనా? చెప్పండి, ఏదైనా సరే చెప్పండి, నేను తట్టుకుంటాను."

గ్లూకోజు ఒక్కొక్క చుక్కే పడుతోంది. ఎవరో పల్లెటూరాయన కాలు విరిగిన మేకపిల్లని గుడ్డలో చుట్టి తెచ్చాడు. దానికి కట్టు కట్టారు. అది అరుచుకుంటూనే వెళ్లిపోయింది. మేఘ మందులు తెచ్చి, వీళ్లిద్దరి మొహాలూ చూసి, కుక్క తల దగ్గర కింద కూర్చుంది. కరియ ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. సీసా సగానికి వచ్చింది. రాజలక్ష్మి ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఆమె దగ్గర ఇంకా పెద్ద భయం ఏదీ మిగల్లేదు.

గిరిప్రసాద్ కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకుని, ఎదురుగా కుక్కని చూస్తూ అన్నాడు.

"నీకే. పొద్దున లేస్తే ఏమవతాదో, ఏమవతాదో అని అల్లాడతా ఉంటావు కదా. ఆ భయం పోతాదేమోనని."