ఆపకూడనివి

"మనం పెట్టనివి ఇందులో ఇన్ని నడుస్తున్నాయేంటి?" అని గిరిధర్ కేకేసేసరికి దివ్యశ్రీ చేతిలో చేప సగమే తోమి ఉంది. మచిలీపట్నంలో వాళ్ళింటి ముందు గదే నెట్ సెంటర్. చేతులు కడుక్కుని వెళ్ళింది. కంప్యూటర్ నెమ్మదించిందని టాస్క్ మేనేజర్ తెరిచి, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా ముందు కూర్చున్నాడు.

"అవి సిస్టమ్ సొంతవండీ. నెట్ రావాలన్నా, ప్రింటర్ పలకాలన్నా అవే చూసుకోవాలి."

"ఒకే పేరుతో ఇన్నా? వైరసే."

"కాదండీ. పేరొకటే, పనులు వేరు. ఫైలు ఎక్కడుందో చూస్తే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది. చూపిస్తాను..."

"సర్లే, నువ్వెళ్ళి పులుసు సంగతి చూడు."

వెళ్ళింది. కానీ చెయ్యి పనిలో పడలేదు. పెళ్ళికి ముందు గుడివాడలో పిల్లలకు ఈ పాఠమే చెప్పేది. మళ్ళీ అక్కడే ఒక కాలేజీవాళ్ళు ఉద్యోగం కోసం ఈ మధ్యాహ్నం డెమో క్లాసుకు రమ్మన్నారు. "వెళ్ళు, ఎవరొద్దన్నారు? వంటయ్యాకే కదా" అంది అత్తగారు సరోజిని. వంటయ్యాక గిన్నెలుంటాయి, గిన్నెలయ్యాక సెంటర్లో దరఖాస్తులుంటాయి. పొద్దుగూకేదాకా వాటిని నింపేది తనే. అయినా వచ్చినవాళ్ళతో గిరిధర్ అనే మాట, "మా ఆవిడ ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుంటుందండీ." ఆ 'ఖాళీ' అన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకునేది. మింగలేకపోయేది, కక్కలేకపోయేది.

"అయ్యో అంకుల్!" ముందు గదిలోంచి ఆడపిల్ల గొంతు.

పరిగెత్తింది. సిస్టమ్ ఆగిపోయి తెరంతా నీలం. నాగాయలంక నుంచి బస్సెక్కి వచ్చిన లాస్య అదే కంప్యూటర్లో కాలేజీ సీటు కోసం నింపుతున్న దరఖాస్తు పోయింది. గడువు ఇవాళే.

"నిన్న మా ఆవిడేదో కెలికిందమ్మా. అన్నీ దానికే తెలుసనుకుంటుంది" అన్నాడు గిరిధర్.

మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేది. ఇవాళ నవ్వు రాలేదు.

"నేను ముట్టుకోలేదమ్మా. సిస్టమ్ సొంతవి ఆపితే మొత్తం పడిపోతుందని అదే హెచ్చరిస్తుంది. అయినా సరేనని టిక్కు పెట్టి ఆపింది ఈయనే."

గిరిధర్ మొహం ఎర్రబడింది. ఆమె కుర్చీ లాక్కుని సిస్టమ్ మళ్ళీ ఆన్ చేసింది.

"ఆగినవన్నీ వాటంతటవే మళ్ళీ వచ్చేస్తాయా ఆంటీ?" అడిగింది లాస్య.

"వస్తాయి. దాన్ని తయారుచేసినవాళ్ళు అలా తయారుచేశారు."

అన్నాక తన మాటే తనకు తగిలింది. తనని ఎవరూ అలా తయారుచెయ్యలేదు. అలవాటు చేశారంతే.

దివ్యశ్రీయే లాస్య దరఖాస్తు మొదటినుంచీ నింపి, పంపించి, రసీదు చేతికిచ్చి లేచింది. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని చీర మార్చుకుంది.

"పులుసో?" అంది సరోజిని.

"ముక్కలకు ఉప్పు రాసి ఉంచానత్తయ్యా. చింతపండు నానుతోంది."

గుడివాడలో పాఠం చెబుతుంటే మొదట గొంతు వణికింది. వెనక బెంచీ నుంచి ఎవరో ప్రశ్న వేశారు. ఆ తర్వాత వణకలేదు.

బస్టాండులో ఉండగా గిరిధర్ ఫోన్. "ఇక్కడ జనం ఆగిపోయారు. ఎప్పుడొస్తావ్?"

"ఇవాళ చీకటి పడేలోపు వస్తాను" అంది దివ్యశ్రీ. "సోమవారం నుంచి మాత్రం కాలేజీ అయ్యాక, రోజూ ఆరున్నరకండీ."