పన్ను పెరిగాక ఆయిద్

రంజాను నెల సగం దాటిన ఒక మధ్యాహ్నం సౌదీలోని తాయిఫ్ ఊరి శివార్లలో జమ్ఆన్ కట్టిస్తున్న మూడంతస్తుల మేడలో ఆయిద్ మనుషులు గోడలకు పూత పూస్తున్నారు. అప్పుడు సామాన్ల కొట్టు ఫాయెజ్ ఫోన్ చేశాడు.

"విన్నావా ఆయిద్? జూలై నుంచి అమ్మకం పన్ను అయిదు కాదట. పదిహేనట."

"ఉపవాసంలో ఉండి ఇలాంటి మాటలేనా?"

"నేను పెంచానా ఏంటి? టైల్స్ కావాలంటే ఇప్పుడే చెప్పు. పొద్దుట్నుంచీ కొట్టు ముందు బళ్లు వరస కట్టాయి."

ఆయిద్‌కు అరవై ఏళ్లు. గోడల పూత, నేల పలకలు, స్నానాల గదులు కాంట్రాక్టుకు తీసుకుని చేయించే చిన్న సంస్థ అతనిది. సంస్థ అంటే ఒక పాత పికప్పు బండి, అయిదుగురు పనివాళ్లు, అంతే. మేస్త్రీ ముఖ్బిల్‌ది యెమెన్‌లోని ఇబ్బ్. మీసం మొలవకముందే ఆయిద్ దగ్గర చేరి, ఇప్పుడు గడ్డం నెరిసినవాడు. టైల్స్ పరిచే శహాతా ఈజిప్టువాడు, పని చేసినంతసేపూ పాడుతూనే ఉండేవాడు. మిగిలిన ముగ్గురూ పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ నుంచి వచ్చినవాళ్లు.

ఆయిద్ భార్య పెళ్లయిన నాలుగో ఏట పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది టీకి మాత్రమే. మధ్యాహ్నం పనిచోట పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం వస్తే అయిదుగురితో పాటు తనూ చుట్టూ కూర్చుని తినేవాడు. ఆయిద్ దగ్గర ఉన్నది పనివాళ్లు కాదు, చుట్టాలని తోటి కాంట్రాక్టర్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆ మాట అతనికి లోలోపల ఇష్టంగానే ఉండేది.

జమ్ఆన్‌తో కుదుర్చుకున్న కాగితంలో "పన్నుతో కలిపి" అని రాసింది ఆయిదే. అయిదు శాతం ఉన్నప్పుడు ఆ మాట ఒక లెక్కలోది కాదు. ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. పని జూన్‌లోపు ముగిస్తే పాత పన్నుతోనే బయటపడొచ్చు. కానీ ఊళ్లో ప్రతి కాంట్రాక్టరుదీ అదే ఆలోచన. కరోనా కర్ఫ్యూ వల్ల పనికి దొరికే వేళే తక్కువ. ఫాయెజ్ కొట్లో టైల్స్ అయిపోయాయి, జిద్దా నుంచి రావలసినవి రాలేదు. శహాతా పాట మానేసి ఒళ్లు వంచి పని చేశాడు. అయినా జూన్ గడిచేసరికి పై అంతస్తు మొత్తం మిగిలే ఉంది.

ఆయిద్ జమ్ఆన్ ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ మాస్కులు కట్టుకుని వాకిట్లో దూరదూరంగా కూర్చున్నారు.

"పెరిగిన పది శాతంలో సగమైనా నువ్వు సర్దుకో, జమ్ఆన్."

"కాగితం మీద ఏం రాశావు తమ్ముడూ? చదివి వినిపించనా?"

"నా రాత నాకు తెలుసులే."

"అదే పన్ను ఎత్తేశారనుకో, నాకు తగ్గించేవాడివా?" జమ్ఆన్ ఖర్జూరాల గిన్నె అతని వైపు జరిపాడు. "నీ మీద నాకేం కోపం లేదు. ఒక పని చెయ్యి. మిగతాదానికి బిల్లు రాయకు. చేతిలో పెట్టేస్తా. చూడొచ్చాడా ఎవడన్నా?"

"ఎవడూ చూడడు."

"మరింకేం?"

ఆయిద్ ఖర్జూరం గింజ అరచేతిలో తిప్పాడు. చివరికి పని ముగిస్తాను గానీ బిల్లు రాస్తానని చెప్పి లేచాడు. అది నిజాయితీయో, జరిమానా భయమో దారిలో తేల్చుకోలేకపోయాడు. తేడా తన జేబులోంచే కట్టాడు. ఆ మేడ మీద అతనికి మిగిలింది తలనొప్పి.

తర్వాత వచ్చే పనులకైనా కొత్త పన్ను కలిపి ధర చెప్పాలి. చెప్పగానే అవతలివాళ్లు ఫోన్ పెట్టేసేవాళ్లు. పన్ను జాబితాలో పేరు లేని చిన్నాచితకా మేస్త్రీలు అదే పని పన్ను లేకుండా చేసిపెడుతున్నారు. పెద్ద కంపెనీలు ప్రభుత్వం పనులతో నిలదొక్కుకున్నాయి. ఆయిద్ లాంటివాళ్లు ఇటూ కాక అటూ కాక మధ్యలో చిక్కారు. చలి మొదలయ్యేసరికి అయిదుగురికీ వారంలో మూడు రోజుల పని కూడా దొరకడం లేదు.

కంసాలి వీధి వెనక ముజ్నా అనే అమ్మాయి చిన్న సంస్థల లెక్కలు చూస్తుంది. ఆయిద్ వెళ్లి ఆమె ఎదుట కూలబడ్డాడు.

"ఒక దారుంది చిన్నాన్నా," అంది ముజ్నా. "ఏడాది మొత్తం మీద మీరు చేసే పని విలువ ఒక హద్దు కిందికి దిగితే పన్ను జాబితాలోంచి పేరు తీయించుకోవచ్చు. కొన్నాళ్లు పడుతుంది. ఆ తర్వాత మీరూ పన్ను లేని ధరే చెప్పొచ్చు."

"ఆ హద్దు లోపల ఎంతమందిని ఉంచుకోవచ్చు?"

ఆమె లెక్క చూసింది. "వాళ్ల జీతాలు, పర్మిట్ల రుసుములు... చిన్నాన్నా, ఆ పనితో మీరొక్కరే బతకగలరు."

"నేను తాపీ పట్టి పదిహేనేళ్లయిందమ్మా."

"చేతులు మర్చిపోతాయా ఏంటి?" అంది ముజ్నా, ఓదారుస్తున్నాననుకుని.

ముందు స్వాత్ వాళ్లకు వేరేచోట పని కుదిర్చాడు. శహాతాను, ముఖ్బిల్‌ను తీసుకోవడానికి జిద్దాలో ఒక పెద్ద కంపెనీ ఒప్పుకుంది. ఆ సంగతి ముఖ్బిల్‌కు చెప్పడానికి అతన్ని బండిలో ఎక్కించుకుని షఫా కొండ దారిలో ఊరికే తిప్పాడు. తనని మఅల్లిం, అంటే గురువు, అని పిలిచే ముఖ్బిలే చివరికి అడిగాడు.

"మఅల్లిం, పెట్రోలు ఊరికే వచ్చిందా? ఉన్నదేదో చెప్పెయ్."

ఆయిద్ చెప్పాడు.

"నేనూ వెళ్లాలా?"

"నిన్నొక్కణ్ణి ఉంచుకున్నా హద్దు దాటుతుంది."

ముఖ్బిల్ కిటికీలోంచి కొండల వైపు చూశాడు. "అయితే ఇన్నేళ్లూ నా వల్లే నువ్వు పెద్దోడివన్నమాట," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

"షుగరు మాత్ర వేసుకోమని నీకెవరు గుర్తు చేస్తారు?"

"ఫోన్ మోగుతుందిలే."

"ఫోన్ తిట్టదు మఅల్లిం. తిట్టకపోతే నువ్వు వేసుకోవు."

వాళ్లు జిద్దా వెళ్లే రోజు ఆయిద్ తన బండిలో వాళ్ల కారు వెనకే హదా కొండ దారి దిగుడు మొదలయ్యే చోటు దాకా వెళ్లాడు. శహాతా కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏడ్చేశాడు. ముఖ్బిల్ వెనక్కి తిరగలేదు. మలుపుల్లో కారు కనబడి, మాయమై, మళ్లీ కనబడి, ఇక కనబడకుండా పోయింది. ఆయిద్ బండి తిప్పుకుని వచ్చాడు.

తాపీ మళ్లీ చేతబట్టిన మొదట్లో మోకాళ్లు వంగేవి కావు. సిమెంటు, ఇసుక పాళ్లు ఎక్కువతక్కువయ్యేవి. నెల తిరిగేసరికి చేతులు దారిలో పడ్డాయి. జాబితాలోంచి పేరు తీసేశారు. ఆయిద్ తన చేత్తో చేస్తాడట, పన్ను లేదట అన్న మాట ఊళ్లో పాకింది. పిలుపులు మొదలయ్యాయి. నిరుటి కన్నా ఎక్కువే వచ్చాయి. వాటిలో సగం వద్దనాల్సి వచ్చేది. ఒప్పుకుంటే హద్దు దాటుతుంది. పని లేక మనుషుల్ని పంపేశాడు, ఇప్పుడు మనుషుల్లేక పని వదులుకుంటున్నాడు.

పనిచోట మాట్లాడేవాళ్లు లేరు. ఇంటివాళ్లు తలుపు తీసి, గది చూపించి, తలుపు వేసుకునేవాళ్లు. ఒకసారి పూత పూస్తూ పూస్తూ "ముఖ్బిల్, నీళ్లియ్యి" అని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉంచి కొంచెంసేపు చూశాడు కూడా. ముఖ్బిల్ మొదట్లో ప్రతి శుక్రవారం నమాజు తర్వాత ఫోన్ చేసేవాడు. వెనక శహాతా పాట, గిన్నెల చప్పుడు, ఎవరెవరివో కేకలు వినబడేవి. రానురాను ఫోన్ తగ్గి, గులాబీ పూల బొమ్మలతో శుభాకాంక్షలు రావడం మొదలైంది. ఆయిద్ వాటికి తిరిగి ఏం పంపాలో తెలియక అవే పూలు పంపేవాడు.

వసంతం వచ్చాక రబీఅ అనే రిటైరైన టీచరు ఇంట్లో వంటగది గోడకు టైల్స్ అతికించే పని దొరికింది. వరస తిన్నగా రావాలంటే ఒక కొస కిటికీకి కట్టి, గోడకు అడ్డంగా దారం లాగి పట్టాలి. ఆయిద్ లోపలి గది వైపు చూసి పిలిచాడు.

"ఉస్తాద్, ఈ కొస కాస్త పట్టుకుంటారా?"

రబీఅ మాస్కు సర్దుకుని వచ్చి కొస పట్టుకున్నాడు. పట్టుకుని తన సంగతులు చెప్పాడు. మోకాళ్ల మందు, పెన్షను, బడిలో ఒకప్పుడు తాను కొట్టిన కుర్రాళ్లు ఇప్పుడు ఆఫీసర్లయి తనని గుర్తుపట్టకపోవడం. ఆయిద్ ఊఁ కొడుతూ టైల్స్ పెడుతూ పోయాడు. వరస పూర్తయింది. రెండో వరసకు దారం పైకి జరిపాడు. మళ్లీ ఉస్తాదే పట్టుకున్నాడు.

"అవునుగానీ ఆయిద్," అన్నాడు రబీఅ కొంతసేపటికి, "అక్కడో మేకు కొట్టి కట్టేసుకోవచ్చుగా?"

"గోడ పాడవుతుంది ఉస్తాద్."

ఆ గోడ అంతా సాయంత్రానికి టైల్స్ కిందికి పోయేదే. రబీఅ గోడ వంక చూశాడు, ఆయిద్ వంక చూశాడు. కాలితో స్టూలు దగ్గరికి లాక్కుని, కొస వదలకుండా దాని మీద కూర్చున్నాడు.