చీర ఉన్న సినిమా

పెళ్ళికి పదకొండు రోజులే ఉంది. మండపం కుదిరింది, వంటవాళ్ళు కుదిరారు, బ్యాండు కుదిరింది. గంప పట్టే మేనమామే కుదరలేదు.

మా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పీటల దగ్గర దించాలి. మా దివ్యశ్రీకి ఉన్నది ఒక్కగానొక్క మేనమామ, నా బామ్మర్ది ఫణీంద్ర. నంద్యాలలో బట్టల అంగడి వాడిది. వాడూ, వాడి అక్క రాజేశ్వరీ, అంటే నా భార్యా, ఐదేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"మామ రాకుంటే నాకు గంపొద్దు నాయనా, నడిచే వస్తా" అంది పిల్ల. వాడి భుజాల మీద ఊరేగి పెరిగిన పిల్ల అది. నిండు పందిట్లో ఒక్కతే నడిచి రావడం తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఇంత తగువూ ఒక చీర దగ్గర. మా గృహప్రవేశానికి ఫణీంద్ర తన అంగడిలోకెల్లా మంచి పట్టుచీర ఏరి, కొంగుకు పసుపు పెట్టి, మడతలో 'మా అక్కకు' అని చీటీ రాసిపెట్టి తెచ్చాడు. పెట్టుబడి చీరల సంగతి తెలిసిందే కదా. ఎవరూ విప్పి చూడరు. వచ్చిన కవరు వచ్చినట్టే బీరువా ఎక్కి, ఇంకొకరి శుభకార్యానికి దిగుతుంది. ఆ చీరా అలాగే నాలుగిళ్ళు తిరిగి, కొన్ని నెలలకు ఒక సీమంతంలో ఫణీంద్ర భార్య రమ్య ఒళ్ళోకే వచ్చి పడింది. విప్పితే మడతలో మొగుడి చేతిరాత.

"నేను ఎవరికీ ఇయ్యలేదు" అంటుంది రాజేశ్వరి. "మరి కాళ్ళొచ్చి నడిచి పోయిందా" అంటాడు వాడు. నన్ను అబద్ధాలకోరును చేసినోడి గడప తొక్కనని ఆమె. అబద్ధం ఒప్పుకునేదాకా రానని వాడు. మధ్యలో నేను.

నేను ఆళ్ళగడ్డలో ఉలులూ సుత్తులూ అమ్ముకునేవాణ్ణి. మా అంగడికి వచ్చే శిల్పి లక్ష్మన్న ఈ మంట పెట్టాడు.

"నంద్యాలలో అక్కాతమ్ముళ్ళ సినిమా ఆడతాందన్నా. రాళ్ళు కొట్టేటోణ్ణి, నాకే కండ్లెంబడి నీళ్ళు కారినాయి. మాటల్లేని మా తమ్మునికి ఇంటర్వెల్లోనే ఫోన్ చేసినా."

కథేందని అడగాలా, వద్దా? అడగలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. పెళ్ళి బట్టలని చెప్పి రాజేశ్వరిని నంద్యాల తీసుకుపోయి మ్యాట్నీలో కూర్చోబెట్టాను. లైట్లు ఆరాక, ఒక్కణ్ణే వచ్చానని చెప్పి ఫణీంద్రను తెచ్చి నాకు ఎడమపక్క కూర్చోబెట్టాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, లేచి వెళ్ళిపోతే జనం చూస్తారని బిగుసుకుని కూర్చున్నారు.

ఇంటర్వెల్ దాకా దేవుడు నా పక్కనే ఉన్నాడు. తెర మీద తల్లి చచ్చిపోయింది, అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కుడిపక్క ముక్కు చీదిన చప్పుడు, ఎడమపక్క ముక్కు చీదిన చప్పుడు. నా తువ్వాలు అటూ ఇటూ తిరిగింది. గంప కుదిరిపోయిందనుకున్నాను.

ఇంటర్వెల్ అయిపోయి అయిదు నిమిషాలు కాలేదు, సినిమాలో తమ్ముడు అక్కకు చీర తెచ్చాడు. చచ్చు సినిమా, తేవడానికి ఇంకేమీ దొరకలేదా. ఆ మహాతల్లి ఆ చీరను కట్టుకోకుండా ఇరవై ఏళ్ళు ట్రంకుపెట్టెలో దాచింది. చివరికి మంచాన పడి, పోయేముందు అదే కప్పమంది. హాలంతా ఒకటే ఏడుపు.

ఫణీంద్ర తెర మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు. "చూసినావా బావా. అక్కంటే అట్లుండాల."

కుడిపక్క నుంచి వచ్చింది జవాబు. "ఏమండీ, ఆ తమ్ముణ్ణి సూడండి. అక్క మాట ఒక్కనాడన్నా నమ్మకుండా ఉన్నాడా?"

"నమ్మే మాట చెప్తే నమ్ముతారని చెప్పు బావా."

వెనక వరుసలో ఒకాయనకు విసుగొచ్చింది. "యాడన్నా బయటికి పోయి కొట్లాడుకోండప్పా. ఈడ మనిషి చస్తాంది."

బయట బండ్ల దగ్గర ఫణీంద్ర తాళంచెవి తీశాడు. "గంపకు ఇంకెవర్నన్నా సూసుకో బావా." రాజేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ చీర ఇచ్చింది నేను. ఈ మాట ఐదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. డోన్‌లో మా చెల్లెలు శ్రీవాణి ఇల్లు కట్టుకున్నప్పుడు రాజేశ్వరి జ్వరంతో పడుకుని ఉంటే, నేనే బీరువా తెరిచి చేతికందిన కవరు పట్టుకుపోయాను. గొడవ లేచిన రోజు భయపడి, "నాకేం తెలుసు" అన్నాను. మరునాటికి చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత అదే అలవాటైంది. అందరి మీదా ఊరికే కస్సుమంటూ తిరిగాను గానీ, నిజానికి నా కోపమంతా నా నోటి మీదే.

"అక్క ఇయ్యలేదురా. నేనిచ్చినా. శ్రీవాణికి" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. ఫణీంద్ర అక్కవైపు తిరిగాడు.

"అక్కా, ఈ మనిషితో ఎట్ల సంసారం చేస్తాండావే?"

ఐదేళ్ళ తర్వాత మొదటి మాట అది. "నా ఖర్మరా" అంది రాజేశ్వరి, వాడి చెయ్యి పట్టుకుని. ఇక ఇద్దరూ కలిసి నన్ను ఉతికి ఆరేశారు. ఆ తిట్లు పడాల్సినవే, ఇంకో నాలుగు పడినా నాకు సమ్మతమే.

"గంప ఎవరు పట్టేది?" అని మాత్రం అడిగాను.

"నా కోడల్ని నేను గాక ఎవడు మోస్తాడు" అన్నాడు వాడు, కారు తలుపు తీసి అక్కను ఎక్కించుకుంటూ. "నువ్వు బస్సుకు రా."

కారు కదలబోతుండగా రాజేశ్వరి అద్దం దించింది. ఇప్పుడు అరవలేదు.

"రెండేండ్ల కిందట మా అమ్మ పోయిన్నాడు వాడొక మూల, నేనొక మూల కూచొని ఏడిస్తిమి. మీరు మా ఇద్దరికీ కాఫీలు మోసి తెచ్చినారు. ఆపొద్దన్నా చెప్పాల్సింది."

కారు పోయింది. నేను ఆళ్ళగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దివ్యశ్రీ ఫోన్ చేసింది. అత్త రమ్య అప్పుడే చెప్పేసినట్టుంది, పిల్ల గొంతు ఎగిరెగిరి పడుతోంది.

"మామ వస్తాడంట కదా నాయనా." నేను ఊఁ అన్నాను. కాసేపాగి, "ఏడుస్తాండావా?" అంది.

"సినిమా అట్లాంటిదమ్మా" అన్నాను.