చిన్నరాజు వచ్చాడని చదివాను

దేవుడి ముందు కూర్చుని, పీఠం మీద పుస్తకం పెట్టుకుని, అందులో లేనిది ఉన్నట్టు చదివితే ఆ పాపం ఎవరిది? చదివినవాడిదేనా, విని నమ్మినవాళ్ళకూ కొంత పంచుతాడా దేవుడు? పదేళ్ళుగా ఈ సందేహం నాలో ఉంది. ఒకసారి కదిరి తిరునాళ్ళలో ఒక స్వామిని అడిగాను. ఏ పురాణం నాయనా అన్నాడాయన. పురాణం కాదు స్వామీ, వారపత్రికలో కథ అన్నాను. నవ్వి, తీర్థం ఇచ్చి పంపేశాడు.

మాది బెళుగుప్పకు మూడు మైళ్ళలో ఒక పల్లె. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. తడుముకోకుండా పుస్తకం చదివేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు కాబట్టి, వానలు రాని ఏడు ఆంజనేయస్వామి గుడి మండపంలో పురాణం చదివే పని నాదే అయింది. మండలం రోజులు, అంటే నలభై ఒక్క రోజులు, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా చదవాలి. దానికి ఒక కట్టుబాటు ఉంది. చావు దగ్గర పుస్తకం మూయకూడదు, మూస్తే వచ్చే వాన కూడా వెనక్కి పోతుందంటారు. ఎవరైనా చనిపోయిన ఘట్టం వస్తే, గొంతు ఎండిపోయినా సరే, ముందుకు చదువుకుంటూ పోయి ఒక పుట్టుకో, పెళ్ళో, పట్టాభిషేకమో వచ్చాకే హారతి ఇచ్చి లేవాలి. నాకు ముందు చదివిన మా నాయన నేర్పింది అదే.

డెబ్బై ఆరులో విత్తిన వేరుశనగ జానెడు పెరిగి మాడిపోయింది. మొదటి మండలం పూర్తయింది. చినుకు లేదు. రెండో మండలం మొదలుపెట్టేసరికి వినడానికి నలుగురు ముసలివాళ్ళు మిగిలారు. తక్కినవాళ్ళు కరువుపని కింద రోడ్డుకు కంకర కొట్టడానికి పోయేవాళ్ళు. ఆ శనివారం బెళుగుప్ప పోస్టుమాస్టరు భార్య తాను చదివేసిన వారపత్రికలు కొన్ని నాకిచ్చింది. వాటిని చంకలో పెట్టుకుని గుడికి వస్తే, గుడి వాకిలి ఊడ్చే మారెక్క అట్టమీద బొమ్మ చూసింది. గుడారమంత లంగా కట్టుకున్న పిల్ల, పక్కన ఎత్తు టోపీ పెట్టుకున్న దొర.

"ఎవురన్నా వీళ్ళు?" అంది.

కొరియా దేశం రాజుల కాలంనాటి సీరియల్ అని చెప్పాను.

"కొరియా అంటే యాడ? బళ్ళారి దాటినాకనా?"

"సముద్రం దాటల్ల."

"అయితే బస్సు లేదు. నువ్వే చదువు."

పురాణం ముగించాక చదివాను. ఆ పేర్లకు నా నోరు తిరగలేదు. అందుకని ఆ టోపీ దొరను చిన్నరాజు అనీ, ఆ అమ్మాయిని కుట్టుపని పిల్ల అనీ అన్నాను. ఆమె రాణివాసంలో బట్టలు కుట్టే పనిమనిషి. ఆయన పట్టానికి రావలసిన కొడుకు. సవతితల్లికి ఆయనంటే గిట్టదు. మరుసటి శనివారం ముప్పైమంది ఆడవాళ్ళు వచ్చారు. కంకర దుమ్ముతోనే, మొహాలైనా కడుక్కోకుండా వచ్చారు.

అందులో ఏముందని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ దేశంలో ఆకాశం నుంచి మంచు ఊరికే పడుతుంది. కోటలో తామరకొలను ఉంది. అన్నిటికన్నా మించి, ఐదో వారంలో చిన్నరాజు ఆ పనిపిల్లను ఆపి, అన్నం తిన్నావా అని అడిగాడు. ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నారు. అప్పుడు మారెక్కే అంది: "మా ఆయప్ప పెండ్లయిన పద్దినాలకే చెయ్యెత్తినాడు. ఈయప్పేమో ఇన్ని వారాలైనా చెయ్యి గూడ పట్టుకోల్యా." అందరూ నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

నవ్వనిది కదిరమ్మ ఒక్కతే. తిరుపాలమ్మ కూతురు, అప్పటికి ఇరవై రెండేళ్ళది. మొగుడు సుంకప్ప రెండేళ్ళ కిందట బళ్ళారి వైపు రాళ్ళపనికి పోయాడు. రెండు నెలల్లో వస్తానన్నాడు. ఒక్క ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివిపెట్టాను. ఆ తరువాత ఏమీ లేదు. వాళ్ళ కులంలో మారుమనువు, అంటే ఆడదానికి రెండో పెళ్ళి, ఉంది. శింగనమల నుంచి ఒకాయన అడిగించాడు. పెళ్ళాం పోయినవాడు, చెరువు కింద రెండెకరాల మడి ఉంది. తిరుపాలమ్మ ఒప్పుకుంది. కదిరమ్మ అవుననలేదు, కాదనలేదు.

మండలం అయిపోయినా శనివారాల చదువు సాగింది; ఎనిమిదో వారంలో సవతితల్లి చిన్నరాజును ఉత్తరాన కొండల్లోకి వెళ్ళగొట్టించింది. మంచు కరిగేలోపల వస్తానని ఆయన కుట్టుపని పిల్లతో చెప్పి పోయాడు. ఆమె ఆయనకోసం ఒక అంగీ కుట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచి కదిరమ్మ మండపం స్తంభానికి ఆనుకుని, నా నోటికేసే చూస్తూ వినేది.

మావైపు ఎటూ తేలని సంగతి ఉంటే గుళ్ళో పూలు అడుగుతారు. ఎర్రపువ్వొకటి, తెల్లపువ్వొకటి రెండు పొట్లాలు కట్టి, చిన్నబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. కదిరమ్మ అలా అడగలేదు. కథమీద పెట్టుకుంది. కథ అయిపోయే శనివారం పొద్దున తిరుపాలమ్మ మా ఇంటికి వచ్చింది.

"చిన్నరాజు వస్తే ఇది ఈడనే ఉంటాదంట. రాకపోతే శింగనమలకు పోతాదంట. రాడని చదువు నాయనా."

దేవుడి ముందు కూర్చుని ఉన్నదే చదవాలి పెద్దమ్మా, ఎక్కువా తక్కువా చదవకూడదు అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

ఆ మధ్యాహ్నం పడమట ఒక మబ్బు కట్టింది. చాలా నెలల తరువాత కట్టిన మబ్బు. ముసలివాళ్ళు లేచి చూసి దండం పెట్టుకున్నారు. నేను ముందుగా చదువుకోకుండానే ఆఖరి వారం పత్రిక పీఠం మీద తెరిచాను. మొదటి పేజీ అయ్యేసరికి కోటకు కబురు వచ్చింది: పోయిన శీతకాలంలోనే, మొదటి మంచు పడకముందే, సవతితల్లి పంపిన విషం తాగి చిన్నరాజు చనిపోయాడు. ఆ కబురు పైకి చదివేశాను. ఎవరో ఏడ్చారు. నేను పేజీ తిప్పి గబగబా కిందికి చూశాను. పెళ్ళి లేదు. పట్టాభిషేకం లేదు. కింద సమాప్తం అని ఉంది.

మబ్బు అక్కడే ఉంది. నలభైమంది నా వైపు చూస్తున్నారు. చావు దగ్గర ఎలా ఆపను? వేలు అక్షరాల కింద జరుపుతూనే, నోటికి వచ్చింది చెప్పాను. ఆ కబురు అబద్ధమని తేలింది, చనిపోయింది ఇంకెవరో, మంచు కరిగిన రోజే చిన్నరాజు గుర్రమెక్కి వచ్చాడు, ఆ అంగీ తొడుక్కున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, పట్టం కట్టుకున్నాడు. హారతి ఇచ్చాను. మారెక్క కొబ్బరికాయ కొట్టింది. కదిరమ్మ స్తంభాన్ని వదిలి వచ్చి పత్రికకు పసుపు కుంకుమ పెట్టింది. తిరుపాలమ్మ దగ్గరికి వచ్చి, అట్లే రాసినారా నాయనా అని మెల్లగా అడిగింది.

"అట్లే ఉండాది పెద్దమ్మా," అన్నాను.

మబ్బు తూర్పుకు పోయింది. ఆ ఏడు వాన రానేలేదు.

మరుసటి ఎండాకాలం దాసప్ప బళ్ళారి వైపు నుంచి తిరిగి వచ్చాడు. సుంకప్పతో కలిసి పనిచేసినవాడు. సుంకప్ప నిరుడే, కొండ తొలిచేచోట రాయి మీదపడి చనిపోయాడని చెప్పాడు. తోటి పనివాళ్ళే కాల్చారట. ఇంటికి రాయడానికి సుంకప్ప తప్ప వాళ్ళలో ఎవరికీ చదువు లేదు. సుంకప్పది వెండి మొలతాడు దాసప్ప తెచ్చి తిరుపాలమ్మ చేతిలో పెట్టాడు. వాకిట్లో పదిమంది పోగయ్యారు. నేనూ ఉన్నాను.

కదిరమ్మ మొలతాడు వైపు చూడలేదు. "కథలో గూడ ఇట్లనే కబురు తెచ్చినారు మామా," అంది దాసప్పతో. "అది అబద్ధమని తేలింది. ఓబుళేసన్న చదివినాడు. కావాలంటే అడుగు."

అందరూ నావైపు తిరిగారు. అప్పుడు చెప్పి ఉండవలసింది. ఒక్క మాటతో పోయేది. కానీ ఈ కథలో లేనిది చదివానంటే, మా నాయన, నేను ఇన్నేళ్ళు చదివిన పురాణాలు కూడా ఇలాగే చదివామా అని అడుగుతారనిపించింది. తల వంచుకున్నాను. తిరుపాలమ్మ నన్నే చూస్తూ ఉంది. ఆమెకు ఆ నిమిషంలోనే అర్థమైందని ఇప్పటికీ అనుకుంటాను. మొలతాడు కొంగున ముడేసుకుని లోపలికి పోయింది.

కదిరమ్మ గాజులు తీయలేదు. దినాలు చేయనివ్వలేదు. శింగనమల ఆయన ఆరు నెలలు చూసి వేరే పిల్లను చేసుకున్నాడు. ఊళ్ళో మొదట జాలిపడ్డారు, తరువాత ఎగతాళి చేశారు, తరువాత మరిచిపోయారు. ఎనభై మూడులో తిరుపాలమ్మ పోయింది. కదిరమ్మ నాలుగు మేకలతో ఒంటరిగా ఉండిపోయింది. ప్రతి శనివారం గుడికి వచ్చి, చదవడానికి ఏమీ లేకపోయినా, ఆ స్తంభం దగ్గర కాసేపు కూర్చుని పోయేది. ఆమె వస్తుందని తెలిసి నేను శనివారాలు గుడికి పోవడం మానేశాను. నా భక్తి అంతవరకే అని నాకు అప్పుడు తెలిసింది.

ఎనభై ఆరు ఎండాకాలంలో మళ్ళీ మండలం చదవమని ఊరివాళ్ళు అడిగారు. చదవనన్నాను. మరునాడు మధ్యాహ్నం పెట్టె అడుగునున్న ఆ పత్రిక తీసుకుని కదిరమ్మ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులకు గాజులున్నాయి. ముప్పై రెండేళ్ళకే జుట్టు సగం నెరిసింది.

కూర్చుని చెప్పాను. ఆ రోజు నేను చదివింది రాసింది కాదని చెప్పాను. మబ్బు సంగతి, కట్టుబాటు సంగతి కూడా చెప్పబోయాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రాసింది చదువు," అంది.

చదివాను. చిన్నరాజు చనిపోయిన కబురు విని ఆ పిల్ల మూడు రోజులు గదిలోంచి రాలేదు. నాలుగో రోజు సగం కుట్టిన అంగీని మడిచి పెట్టెలో పెట్టింది. రాణివాసంలో సెలవు తీసుకుంది. నాలుగు రోజులు నడిచి తన ఊరికి పోయింది. వాళ్ళమ్మ ఏమీ అడగకుండా కూతురి ముందు గిన్నెలో అన్నం పెట్టింది.

మేక ఒకటి వచ్చి చింతపండు చాట మీద మూతి పెడితే కదిరమ్మ తోసేసింది.

"ఆ పిల్లకు వాళ్ళమ్మ ఉండాది," అంది.

నేను పత్రిక మూయబోయాను.

"ఇంకేమన్నా రాసినారా?"

"లేదమ్మా. ఇంతే."

ఆమె తల ఊపి మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది. పదేళ్ళ కిందటే ఆమెకు నేను చదివి ఉండవలసిన రెండు పేజీలు అక్కడితో అయిపోయాయి.