మాస్టారి వేళ్లు, నా ఏడు గిన్నెలు

నేను ఒక పోపుల డబ్బాను. అయినా పోపు ముఖం చూసిన పాపాన పోలేదు. విజయనగరంలో ఒక స్టీలు సామాన్ల కొట్లో నన్ను కొన్న కూర్మనాథం మాస్టారు, ఇంటికి కాకుండా నేరుగా బడికి పట్టుకుపోయారు. అది చూపు లేని పిల్లల బడి. మాస్టారికీ పుట్టుకతోనే చూపు లేదు. ఆయన చెప్పేది ఇంగ్లీషు.

నా మూడు గిన్నెల్లో చింతపిక్కలు, బొత్తాలు, గోళీలు పోశారు. మిగతా నాలుగింట్లో ఉప్పు, పిండి, నూనె, నీళ్లు. పాఠానికి ముందు పిల్లలు గిన్నెల చోట్లు మార్చేసేవారు. "వేలికి ఒక్కొక్కటీ దొరికితే కౌంటబుల్. దొరకలేదా, అన్‌కౌంటబుల్" అనేవారు మాస్టారు. కళ్లున్న పిల్లలు బట్టీపట్టి మరిచిపోయే పాఠం వీళ్ల వేళ్లకు అంటుకుపోయేది. పదహారేళ్లు గర్వంగానే బతికాను, దాచడమెందుకు?

తర్వాత మాస్టారికి షుగరు ముదిరింది. వేళ్లు మొద్దుబారసాగాయి. ఆ సంగతి ముందు తెలిసింది నాకే. గిన్నె అంచు కోసం తడుముకునేవారు. బ్రెయిలీ పుస్తకంలో ఒకే వరుసను మూడుసార్లు తడిమేవారు. ఆ చుక్కలు వేలికి తెలియకపోతే ఆయనకు చదువూ లేదు, కొలువూ లేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు పిండిలో వేళ్లు పెట్టి, "ఇది ఖాళీగా ఉందేటర్రా? ఎవరు పారబోసేరు?" అని గద్దించారు.

తరగతి బిక్కచచ్చిపోయింది. తొమ్మిదో తరగతి గౌరీశ్వరి లేచింది. గిన్నె నిండా పిండి ఉందని ఆ పిల్లకు తెలుసు. పొద్దున పోసింది తనే.

"నానే పారబోసినానండి మాస్టారూ. తప్పయిపోనాది."

"అలాగే నిలబడు" అన్నారు. అలవాటుగా మీసం దువ్వుకున్నారు. పెదవికి పిండి అంటింది. నాలుకతో రుచి చూసి, వేళ్లు దులుపుకున్నారు. అప్పుడు "కూర్చో తల్లీ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. స్టీలుకు ఏడుపేమిటని నవ్వకండి.

ఆ నెలాఖరుకే ఆయన ఉద్యోగం మానేశారు. కొత్త మాస్టారికి నాతో పని పడలేదు. ఇప్పుడు బీరువా మీద ఉన్నాను. పిండికి పురుగు పట్టింది, నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి.

మాస్టారు వెళ్లిన రోజున మాత్రం ఇంకా బల్ల మీదే ఉన్నాను. అందరి దగ్గరా సెలవు తీసుకుని, గౌరీశ్వరి కోసం చెయ్యి చాచారు. ఆ పిల్ల దగ్గరకొచ్చి, ఆయన వేళ్లను తన రెండు చేతుల్లోకి మెల్లగా తీసుకుంది.

"ఏదమ్మా నీ చెయ్యి? ఇవ్వవేటి?" అన్నారాయన.

ఆ పిల్ల ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.