కాలు తీస్తే పచ్చగీత

భువనగిరి బైపాస్ మీద ఛార్జింగు మిషన్ చచ్చి పడి ఉంది. విజయేందర్ రెండుసార్లు తట్టి చూశాడు, మూడోసారి తన్నాడు. మిషనైనా మనిషైనా అంతే, పనిపడ్డ నాడే మొహం చాటేస్తారు.

కరెంటు కారు తెర మీద ఇంకా నలభై కిలోమీటర్లు పోతానని చూపిస్తోంది. సీతాఫల్‌మండిలో పెండ్లి హాలుకు తొవ్వ నలభై ఆరు. పదకొండింటికి ముహూర్తం. పెండ్లికూతురు స్వర్ణలత తన అక్క కల్పలత బిడ్డ. ఆ పిల్లను గంపలో కూర్చోబెట్టుకొని మండపంలోకి ఎత్తుకు రావాల్సిన మేనమామ తనే.

వెనక సీట్లో ఎల్లమ్మ పెద్దమ్మ కొంగుతో విసురుకుంటోంది. తల్లి పోయాక అక్కనూ తననూ సాకింది ఆమే. బస్సెక్కితే ఆమెకు పడదు, అందుకే పొద్దున్నే ఆలేరు పోయి ఎక్కించుకున్నాడు. తిరుగు తొవ్వలో ఇక్కడ ఛార్జింగు పెట్టుకోవచ్చులే అనుకున్నాడు. అనుకున్నవన్నీ అయితే విజయేందర్ బతుకు ఇట్లెందుకుంటది?

ఫోన్ మోగింది. బావ హరికిషన్, పెండ్లికూతురి తండ్రి.

"ఏడున్నవ్?"

"భువనగిరి కాడ, బావా."

"నీ బొమ్మకారు నడుస్తాందా, నువ్వే నెట్టుకొస్తున్నవా? జెర ఇను. టైముకు రాకుంటే ఆగేది లేదు. మీ చిన్నమ్మ కొడుకు ధర్మరాజు ఈడనే ఉన్నడు. గంప ఆయనతోని ఎత్తిస్త. నీ బ్యాటరీ కోసం ముహూర్తం ఆగదు."

ఏడేండ్లు హరికిషన్ సిమెంటు లారీ తోలాడు విజయేందర్. అన్నేండ్లలో నలుగురి ముందు ఒక్కనాడూ 'మా బామ్మర్ది' అనలేదాయన. 'మా డ్రైవర్' అన్నాడు. గంప ఎత్తడానికి డ్రైవర్ పనికిరాడు, మేనమామే కావాలి. ఆ ఒక్క పొద్దు కోసమే ఇన్నాళ్లూ పండ్లు బిగబట్టి ఉన్నాడు. దాన్ని ధర్మరాజు చేతిలో పెడతాడా?

బరువు తగ్గిద్దామని ముందు డిక్కీ తెరిచాడు. రెండు ఇత్తడి బిందెలు, ఒడిబియ్యం మూట, వాటి కింద ఇసుర్రాయి.

"ఇదెందుకే పెద్దమ్మా?"

"పిల్లకు. మా అత్త నాకిచ్చింది."

"అపార్ట్‌మెంటుల ఏం ఇసురుతదే అది? మొగన్నా?"

"అక్కెరొస్తే ఆన్ని సుత ఇసురుతది. నీకేంది?"

పక్కనే అబ్రహాం పంచరు షాపు. రాయినీ బిందెలనూ అక్కడ దింపాడు, రేపొచ్చి తీసుకపోతానన్నాడు. ఒడిబియ్యం మీద చెయ్యి వేస్తే పెద్దమ్మ కండ్లెర్రజేసింది. "అది దించితే నన్ను సుత దించు."

బియ్యం ఉండిపోయింది. అబ్రహాంతో టైర్లన్నిటికీ గాలి చూపించాడు. రెండు మెత్తబడి ఉన్నాయి. మెత్త టైరు బండిని ఎనక్కి గుంజుతది. గాలి కొట్టించి, ఏసీ బంద్ చేసి, అద్దాలు నాలుగు వేళ్ల సందు మాత్రం వదిలి కదిలాడు. మొత్తం దించితే గాలి లోపల జొరబడి అదీ గుంజుడే.

"అరే, కుమ్ముల పెట్టిన కందగడ్డ లెక్క ఉడుకుతున్న కొడుకా!"

"ఓర్సుకోవే. ఏసీ పెడితే తొవ్వలనే దిగుతం."

యాభైకి మించనియ్యలేదు. లారీలు దాటిపోయాయి, బస్సులు దాటిపోయాయి, ఆఖరికి గడ్డి ట్రాక్టరు కూడా పక్కకొచ్చి దబాయించింది. వేరే రోజైతే విజయేందర్ అద్దం దించి వాడి ఏడు తరాలను తలిచేవాడు. ఇయ్యాల నోరు మూసుకున్నాడు. కోపమొస్తే కాలు బరువైతది. కాలు బరువైతే బ్యాటరీ తాగుతది.

అయినా బీబీనగర్ దాటాక చూస్తే ఆ ఆరు కిలోమీటర్ల లోటు పెద్దగా తగ్గలేదు. ఏం తక్కువ చేస్తున్నాడో అంతుబట్టలేదు. ముందర వంతెన దిగుడు వచ్చింది. చెయ్యి దానంతటదే పోయి బండిని న్యూట్రల్‌లో వేసింది. సిమెంటు లారీ నాటి అలవాటది. దిగుట్లో న్యూట్రల్ వెయ్యకుంటే డీజిల్ తగలేస్తున్నావని హరికిషన్ తిట్టేవాడు. బండి జర్రున జారింది, కింద అడ్డమొచ్చిన ఆటో కోసం బ్రేకు తొక్కాడు.

"ఇజేందరూ, ఆ పచ్చగీతను ఎందుకు చంపుతున్నవ్?" అంది పెద్దమ్మ.

"ఏ పచ్చగీత?"

"గా టీవీల. నువ్వు కాలు తీసినప్పుడల్లా పచ్చగ ఒకటి లేస్తాంది. దిగుట్ల ఆ కట్టె గుంజంగనే సచ్చిపోతాంది. ఇందాకటి సంది చూస్తున్న. వేరే పనేమున్నది నాకు, ఉడుకుడు తప్ప?"

విజయేందర్ నెత్తి కొట్టుకున్నాడు. పచ్చగీత అంటే చక్రాలు తిరిగి బ్యాటరీకి కరెంటు పోస్తున్నాయని. న్యూట్రల్ వేస్తే మోటారు తెగిపోతది, కరెంటు రాదు, దిగినదంతా బ్రేకులో బూడిదయితది. అమ్మినోడు చెప్పనే చెప్పాడు. చెవిన పడింది గానీ చేతికి దిగలేదు. ఇన్నాళ్లూ ప్రతి దిగుట్లో హరికిషన్ డీజిలే మిగుల్చుతూ ఉన్నాడన్నమాట, తన బండిలో కూర్చొని!

కుడిచేతిని స్టీరింగుకు అంటుకునేటట్టు పట్టాడు. ఎడమచేతిని తొడ కింద పెట్టుకున్నాడు.

"గదేం కూసునుడు రా?"

"దీన్ని నమ్మను పెద్దమ్మా. మల్ల పోతది."

ఇక దిగుడు కనబడితే చాలు, కాలు తీసి పచ్చగీత మీద కన్నేశాడు. ఘట్‌కేసర్ దాటింది, ఉప్పల్ వచ్చింది. ఎర్రలైటు దూరంగా ఉండగానే కాలు తీసేవాడు. బండి తనంతట తాను నెమ్మదించి సిగ్నల్ దాకా పోయేసరికి పచ్చలైటు పడేది. మొత్తం ఆగి మళ్లీ లేవడమే ఖర్చు. వెనక ఆటోవాడు తల బయటపెట్టి, "అన్నా, నిద్ర గిట్ల పట్టిందా?" అని అరిచాడు. "పెండ్లికి పోతున్నం, నువ్వు పోయి అన్నం వడ్డియ్యి," అంది పెద్దమ్మ.

తార్నాక కాడికొచ్చేసరికి తొవ్వా, తెర మీది అంకే సమానమయ్యాయి. ఇంక సీతాఫల్‌మండి రైలు వంతెన ఒక్కటే మిగిలింది. ఎక్కుడు మొదట్లోనే తెర మీద తాబేలు బొమ్మ పడింది.

"ఇదేందిరా?"

"మెల్లగ పొమ్మని."

"ఇంతకన్న మెల్లగనా!"

వెనక బస్సువాడు హారన్ మీద పడుకున్నాడు. విజయేందర్ అద్దంలో చూడలేదు. కాలికింద గుడ్డు పెట్టుకున్నట్టు, అది పగలకుండా తొక్కినట్టు, తొక్కాడు. బండి ఆయాసపడింది, నడిచేవాళ్లు దాన్ని దాటిపోయారు. ఆగితే ఇక లేవదు. వంతెన నెత్తికెక్కింది. కాలు తీశాడు. పచ్చగీత లేచింది. రైలుపట్టాలు కింద వెనక్కి పోయాయి, బండి దిగి, మలుపు తిరిగి, హాలు గేటులో ముక్కు పెట్టి ఆగింది. విజయేందర్ ఈసారి తెలిసే న్యూట్రల్ వేశాడు. తెర నల్లబడింది.

లోపల అయ్యగారు మైకులో మేనమామను పిలుస్తున్నాడు. ధర్మరాజు పంచె ఎగగట్టి గంప మీద చెయ్యి వేసి ఉన్నాడు. చెమటతో తడిసి ముద్దయిన విజయేందర్‌ను చూసి చెయ్యి తీశాడు.

"వచ్చినవా అన్నా! నా నడుము బతికింది."

గంపలోంచి స్వర్ణలత పైకి చూసింది. "మామా, నీ కార్ల ఏసీ లేదా?"

"ఉన్నది బిడ్డా. నీ కోసమే బంద్ పెట్టిన."

గంప ఎత్తాడు. ధర్మరాజు ఒక పక్క ఆసరా పట్టాడు. అప్పుడే హరికిషన్ గేటు దిక్కు నుంచి ఉరికొచ్చాడు.

"ఏందిరా ఇది? గేటుకు అడ్డం పెట్టినవ్. మగపెండ్లోళ్ల కార్లు ఆగిపోయినయ్. తియ్యి!"

"చేతులు ఖాళీ లేవు, బావా," అన్నాడు విజయేందర్ నడుస్తూనే. "జెర నువ్వే నెట్టు. న్యూట్రల్‌లనే ఉన్నది, నువ్వు నేర్పినట్టు."