అక్క కట్టిన అంటు

చలికాలమంటే నాకు ఒళ్ళు మంట. పొద్దు ఇలా పొడిచి అలా కుంగిపోతుంది. తెల్లారకముందే సైకిలెక్కి డాక్టరుగారి పచ్చిక, జడ్జిగారి గులాబీలు, బ్యాంకు ముందు కుండీలు చూసుకుని ఇల్లు చేరేసరికి చీకటి. నా పెరడు నాకే కనిపించదు. కనిపించకపోవడమే నయం. ముప్పై ఏళ్ళుగా ఊరందరి తోటలూ సాకుతున్నాను, నా పెరట్లో మాత్రం గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది.

ఏటా ఈ రోజుల్లోనే పాత క్యాలెండరు వెనక పథకాలు గీస్తాను. ఇక్కడ చిక్కుడు పందిరి, అక్కడ ఇటుకల దారి, మూలన కూర్చోవడానికి ఒక బల్ల. ఈ ఏడు బల్ల గీస్తుంటే పెన్సిలు ఆగిపోయింది. దాని మీద కూర్చునేదెవరు? నేను పెళ్ళి చేసుకోలేదు. నాతో ఉన్న అక్క రెండేళ్ళ కిందట పోయింది. అప్పట్నుంచీ పెరట్లో అడుగు పెట్టబుద్ధి కాలేదు.

అలాంటిది మొన్న అక్క కూతురు ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో ఉద్యోగం. నెలకోసారి "తిన్నావా, ఒంట్లో బాగుందా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది.

"మామయ్యా, ఇల్లు మారాం. ముందు కాస్త నేలుంది. అమ్మ గులాబీ ఉందిగా, దానికి అంటు కట్టి ఒకటివ్వవూ? అమ్మవి నా దగ్గర చీరలు తప్ప ఏమీ లేవు."

"ఓస్, అదెంత పని! నీ మామయ్యంటే ఎవరనుకున్నావే?" అని గొప్పలు పోయాను.

ఆ గులాబీకి అంటు కట్టింది అక్కే. జన్మలో కట్టింది అదొక్కటే. ఎక్కడినుంచో పసుపు గులాబీ కొమ్మ తెచ్చి, చిగురొచ్చే కన్నొకటి దాన్నుంచి చెక్కి, నాటు గులాబీ కాడలో దూర్చి దారంతో బిగించింది. "ఇది అతికితే నా చెవి కోసిస్తా" అన్నాను. అతికింది. మొదటి పువ్వు పూసిన రోజు కత్తెర పట్టుకుని ఇల్లంతా నా వెంట పడింది.

ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి గడ్డి పీకి చూద్దును కదా, మొక్క నా ఎత్తుంది! ప్రాణం లేచొచ్చింది. పచ్చగా, దుడ్డుకర్రల్లా నాలుగు కొమ్మలు, మధ్యలో ఎండిపోయినట్టున్న బక్క పుల్ల ఒకటి.

"చూశావా అక్కా, ఎవరూ పట్టించుకోకపోయినా ఎంత ఏపుగా పెరిగిందో!" అని పైకే అన్నాను. కళ్ళు మసకబారాయి. ఆ మసకలోనే బక్క పుల్లను మొదలంటా కోసి, ముక్కలు చేసి పారేశాను. బలమంతా మంచి కొమ్మలకు పోవాలి కదా.

ముక్కలు పోగుచేస్తుంటే ఒకదాని చివర ఉబ్బుగా ముడి కనిపించింది. అంటు ముడి. గుండె గుభేలుమంది. అక్క పెట్టిన కన్ను నుంచి వచ్చింది ఆ బక్కదొక్కటే. మిగతా నాలుగూ ముడి కిందినుంచి లేచిన నాటు పిలకలు. రెండేళ్ళు ఎవరూ తీయకపోయేసరికి సత్తువంతా అవే లాగేసుకున్నాయి. కొత్తగా పనిలో చేరినవాడెవడైనా ఇలా చేసుంటే వీపు విమానం మోత మోగించేవాణ్ణి.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కా గోటితో గీకాను. అన్నీ లోపల గోధుమ రంగే. ఒక్క జానెడు ముక్కలో పచ్చదనం ఉంది, దాని మీద ఒక్క కన్ను. చలికి బెరడు కాడనుంచి విడిరాదు, ఇది అంటు కాలం కాదని తెలుసు. అయినా చెక్కి పిలకకు కట్టాను.

మేనకోడలికి ఫోన్ చేశాను. "మీ అమ్మ మొక్కను నా చేతులతో నేనే కోసేశానే, ఒక్క కన్ను మిగిలితే కట్టాను" అని భోరుమన్నాను.

"ఒక కన్నుందన్నావుగా మామయ్యా. ఎన్నాళ్ళకి తెలుస్తుంది?" అంది.

"మూడు వారాలు."

మర్నాటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్. "కన్నెలా ఉంది?" అని మొదలెట్టి కొత్తింట్లో కారే కుళాయి, ఆఫీసులో చిరచిరలాడే మేనేజరు, చిన్నప్పుడు అమ్మ తిట్టిన తిట్లు, అన్నీ చెప్పేది. ఆ గంట కొట్టేసరికి ఇంట్లో ఉండాలని సైకిలు గబగబా తొక్కేవాణ్ణి. ఖాళీ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించేది.

ఇవాళ్టికి మూడు వారాలు. పొద్దున కట్టు విప్పాను. కన్ను నల్లబడింది. వేలు తగలగానే రాలి కింద పడింది. ఎవరు వింటారులే అని గట్టిగానే ఏడ్చాను.

ఆరింటికి ఫోన్ మోగింది.

"మామయ్యా, కన్నెలా ఉంది?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

"పచ్చగానే ఉందమ్మా," అన్నాను. "చలి కదా, ఇంకో నెల చూడాలి."